కమకురా హచిమాన్ గుడి, పడిపోయిన గింకో చెట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

యోకోహామాలో ఉంటాను కాబట్టి ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా కమకురా తిప్పి చూపించే పని నాదే. టోక్యో నుంచి రైల్లో గంట, సముద్రం ఉంది, పెద్ద బుద్ధుడి విగ్రహం ఉంది, పొద్దున వెళ్తే రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ రోజంతా నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకే చోట మొదలవుతాయి: త్సురుగావోకా హచిమాన్ గుడిలో, పెద్ద మెట్లకి ఎడమ పక్కన, తాడు కట్టిన ఒక మొద్దు ముందు. "ఇదేంట్రా, ఈ మొద్దుకి దండం పెడుతున్నారు?" అని మా మావయ్య అడిగాడు, ఆ తర్వాత పిన్ని అడిగింది, ఆఫీసు ఫ్రెండ్స్ అడిగారు. ప్రతిసారీ మెట్ల కింద నిలబడి అరగంట చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే రాసి పెడుతున్నాను, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

అసలు చెట్టు ఉందా, లేదా?

పాత ఫొటోల్లో మీరు చూసిన పెద్ద గింకో చెట్టు లేదు. 2010లో పడిపోయింది. దాని వేర్లు ఉన్నాయి, మాను కింది ముక్క ఉంది, రెండూ చిగురించాయి. ఇంకా పాత ఫొటోలతోనే ఆ ఊరి గురించి రాసేవాళ్లు ఉన్నారు కాబట్టి, ముప్ఫై మీటర్ల బంగారు రంగు చెట్టు చూడబోతున్నామని ఆశపడి వచ్చి డీలా పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అంతే. కెమెరా బ్యాగులోంచి తీశాను, చుట్టూ చూశాను, మళ్లీ లోపల పెట్టేశాను.

ఈ గుడి ఎవరిది, ఎప్పటిది?

హచిమాన్ అనే దేవుడిది. విలువిద్యకీ యుద్ధానికీ దేవుడు, మినమోతో అనే యోధ వంశానికి కులదైవం లాంటివాడు. పూర్వపు చక్రవర్తి ఓజినే ఈ దేవుడయ్యాడని నమ్మకం. 1063లో మినమోతో నో యోరియోషి అనే సేనాపతి, క్యోటో దగ్గరి ఇవషిమిజు హచిమాన్ గుడి నుంచి దేవుణ్ణి తెచ్చి కమకురా సముద్రతీరం దగ్గర చిన్న గుడి కట్టించాడు. ఆ వంశంలోనే తర్వాత పుట్టిన యోరితోమో 1180లో కమకురాని తన కేంద్రం చేసుకున్నప్పుడు గుడిని ఇప్పుడున్న కొండ పాదానికి మార్చాడు. 1191లో అగ్నిప్రమాదం జరిగింది. అప్పుడు కొండ మీద పై గుడి, కింద కింది గుడి అని రెండుగా కట్టారు, ఇప్పటికీ ఆ అమరికే. మెట్లెక్కి చూసే ఎర్రటి పెద్ద గుడి మాత్రం 1828లో తోకుగావా షోగున్ ఇయెనారి కట్టించింది (షోగున్ అంటే చక్రవర్తి పేరు మీద దేశాన్ని నడిపే సైన్యాధిపతి).

ఊరు మొత్తం ఈ గుడి చుట్టూ అల్లుకున్నదే. సముద్రం నుంచి గుడి దాకా సూటిగా వచ్చే వాకమియా ఓజి అనే రాజవీధి, దాని మధ్యలో ఎత్తుగా కట్టిన దాన్‌కజురా అనే కాలిబాట, రెండూ యోరితోమో కాలం నాటివే. 1182లో భార్య మసాకో గర్భంతో ఉన్నప్పుడు కాన్పు సుఖంగా కావాలని మొక్కుకుని ఆ బాట వేయించాడు. యోరితోమో మామగారు, సామంతులు కూడా రాళ్లు మోశారని అప్పటి చరిత్రలో రాసి ఉంది. ఆ కాన్పులో పుట్టిన కొడుకు పేరు యోరియియె. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

చెట్టు ఎలా పడింది?

2010 మార్చి 10, తెల్లవారుజామున నాలుగున్నర దాటాక. ముందు రోజు నుంచీ వాతావరణం బాగోలేదు, గాలి గట్టిగా వీస్తోంది. ఎవరూ కొట్టలేదు, పిడుగు పడలేదు, కారు గుద్దలేదు. వేర్లతో సహా పక్కకి ఒరిగి పడిపోయింది. సుమారు 30 మీటర్ల ఎత్తు, మాను చుట్టుకొలత దాదాపు ఏడు మీటర్లు. 1923లో ఈ ప్రాంతాన్ని నేలమట్టం చేసిన కాంతో భూకంపాన్ని తట్టుకున్న చెట్టు. 1955లోనే కనగావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) దీన్ని సహజ స్మారకంగా ప్రకటించింది. అలాంటిది ఒక మామూలు మార్చి గాలికి పడింది. జనం తట్టుకోలేనిది అదే అనుకుంటా. ఏదో మహా ప్రళయానికి పడితే ఒక రకం, ఇలా పడితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

తెల్లారేసరికి వార్త పాకింది. పడిన చెట్టు ముందు చేతులు జోడించి నిలబడ్డ ముసలివాళ్లు ఆ రోజు టీవీ వార్తల్లో కనిపించారు. పసితనంలో గుడికి తెచ్చినప్పుడు, పెళ్లప్పుడు, కొత్త సంవత్సరం రోజున, ఇలా అన్ని ఫొటోల్లోనూ వెనకాల ఆ చెట్టే ఉంటుంది మరి.

పడ్డాక ఏం చేశారు? నరికి తీసేసి కొత్త మొక్క నాటలేదా?

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే, అందుకే కొంచెం సాగదీస్తాను.

మామూలుగా ఆలోచిస్తే దారులు రెండే. ఒకటి, పోయింది పోయింది అని చెక్క అమ్ముకుని అదే చోట కొత్త మొక్క పెట్టడం. రెండోది, ఎలాగోలా ఎత్తి నిలబెట్టి ఇనుప కడ్డీలు కట్టడం. రెండోది చేయడానికి వీల్లేదు, అంత బరువున్న చెట్టుకి వేర్లు తెగిపోయాక నిలబడే శక్తి ఎక్కడిది? మొదటిది చేయడానికి మనసు రాలేదు. గుడివాళ్లు చెట్ల నిపుణుల్ని పిలిపించారు. టోక్యో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చూసి, మొత్తం చెట్టుని కాపాడటం కుదరదు గానీ ప్రాణం ఇంకా పోలేదు అన్నారు.

అప్పుడు ఒకటి కాదు, రెండు పనులు చేశారు. మానుని అడుగు నుంచి నాలుగు మీటర్ల దగ్గర కోసి, ఆ కింది ముక్కని క్రేన్‌తో ఎత్తి, పాత చోటికి కొన్ని మీటర్ల పక్కన మళ్లీ భూమిలో నిలబెట్టారు. కొమ్మ నాటినట్టే, కాకపోతే ఆ కొమ్మ ఒక గది అంత లావు. ఇక పాత చోట నేలలోనే మిగిలిపోయిన వేర్లని కదపలేదు, మట్టి సర్ది, వాటినుంచి పిలకలు వస్తాయేమో అని వదిలేశారు. ఒకటి కాకపోతే ఒకటైనా నిలుస్తుందని. రైతులు చేసే పనే ఇది, గుడి స్థాయిలో చేశారంతే.

మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గుర్తొస్తుంది నాకు. 2018లో ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపోతుంటే, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు కదా. అప్పట్లో ఆ ఫొటోలు చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. కమకురా మొద్దు చూశాక నవ్వలేదు.

మరి బతికిందా?

బతికింది. ఆ వసంతంలోనే, అంటే పడిన నెల రోజుల లోపలే, చిగుళ్లు కనిపించాయి. పాత వేర్ల నుంచి గుబురుగా పిలకలు లేచాయి. వాటిల్లో బలమైనవి ఇప్పుడు మనిషి ఎత్తు దాటి ఎప్పుడో పెరిగిపోయాయి. పక్కన నాటిన మొద్దు కూడా ఆకులు తొడిగింది. జన్యుపరంగా చూస్తే రెండూ పాత చెట్టే, దాని పిల్లలు కావు. విత్తనం నుంచి వచ్చినవి కావు కదా, అదే ఒంటి నుంచి వచ్చినవి. అందుకని "చెట్టు చనిపోయిందా" అన్న ప్రశ్నకి ఖచ్చితమైన జవాబు ఇవ్వాలంటే కొంచెం నీళ్లు నమలాల్సి వస్తుంది. ఆకారం పోయింది, ఆకు పోలేదు.

ఎత్తు మాత్రం ఆశించకండి. మా తమ్ముడు చూసి "ఇంతేనా" అన్నాడు. అవును, ఇంతే.

మిగతా మాను ఏమైంది? ముక్కలు చేసి అమ్మేశారా?

ఒక పెద్ద ముక్క అక్కడే ఆవరణలో చూడొచ్చు, చాలామందికి తెలియక వదిలేస్తారు. గుడి ఆవరణలో చెరువు పక్కన 1951లో కట్టిన ఒక ఆధునిక కళల మ్యూజియం భవనం ఉంది, వాస్తుశిల్పి సకాకురా జుంజో గీసింది. ఆ మ్యూజియం 2016లో మూతపడింది, భవనాన్ని బాగుచేసి 2019లో గుడివాళ్లు త్సురుగావోకా మ్యూజియంగా మళ్లీ తెరిచారు. దాని పక్కన ఉన్న కెఫేలో ఆ గింకో మాను నిలబెట్టి ఉంటుంది. కాఫీ తాగుతూ చూడొచ్చు. బయట మొద్దు దగ్గర తాడు అవతల నిలబడాలి కాబట్టి, ఆ చెట్టు ఎంత లావో ఒంటికి తెలియాలంటే ఇక్కడికే రావాలి. నన్నడిగితే ముందు ఇక్కడ కూర్చుని, తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లండి.

గింకో అంటే ఏం చెట్టు? మన దగ్గర ఉందా?

మన ఊళ్లలో పెరగదు, అందుకే తెలుగులో దానికి జనం నోట పడ్డ పేరు లేదు. మెడికల్ షాపుల్లో జ్ఞాపకశక్తి మాత్రలు అంటూ గింకో బిలోబా అని అమ్ముతారే, ఆ గింకోనే. జపాన్‌లో ఇచో అంటారు. ఆకు చిన్న విసనకర్రలా ఉంటుంది, మధ్యలో చీలిక. శరదృతువులో చెట్టు మొత్తం ఒకేసారి పసుపు రంగులోకి మారిపోతుంది, మన బతుకమ్మలో తంగేడు పూలు గుట్టగా పోస్తే ఎలా ఉంటుందో ఆ రంగు. టోక్యో నగరానికీ, కమకురా ఉన్న కనగావా ప్రిఫెక్చర్‌కీ ఇదే అధికారిక వృక్షం.

చెట్లలో ఇది ఒంటరి. దీని దాయాదులన్నీ డైనోసార్ల కాలం నుంచి ఒక్కొక్కటిగా అంతరించిపోయి, ఈ ఒక్క జాతే మిగిలింది. పురుగు పెద్దగా పట్టదు. మాను అడుగున, బెరడు కింద, నిద్రపోతున్న మొగ్గలు దాచుకుంటుంది, పైన దెబ్బ తగిలితే అవి లేస్తాయి. హిరోషిమాలో అణుబాంబు పడిన చోటికి రెండు కిలోమీటర్ల లోపలే ఉన్న గింకోలు కొన్ని మళ్లీ చిగురించి ఇప్పటికీ బతికే ఉన్నాయి. కమకురా మొద్దు చిగురించడం మహిమ అనేవాళ్లు అనుకోవచ్చు, కానీ గింకోకి అది అలవాటే.

ఇంకో ముచ్చట. ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. 1896లో హిరాసే సకుగోరో అనే ఆయన, టోక్యోలోని కోయిషికావా వనంలో ఒక గింకోని పరిశీలిస్తూ, ఈ చెట్టు శుక్రకణాలు ఈదుతాయని కనిపెట్టాడు. విత్తనం కాసే చెట్టులో అలాంటిది చూడటం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ చెట్టు ఇంకా అక్కడే ఉంది, టోక్యోలో ఒక పూట ఖాళీ ఉంటే చూడండి.

ఈ చెట్టు వెనక దాక్కుని ఎవరినో చంపారట కదా?

గైడ్లందరూ చెప్పే కథ. ముందు జరిగింది చెప్తాను, దాక్కోవడం సంగతి తర్వాత ప్రశ్నలో.

యోరితోమో ఆ వంశంలో మొదటి షోగున్, మసాకోతో అతనికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు యోరియియె, ఇందాక గుర్తుపెట్టుకోమన్న పేరు. రెండో షోగున్ అయ్యాడు, కానీ తల్లి తరఫు హోజో కుటుంబంతో పడలేదు, పదవి పీకేశారు, 1204లో షుజెంజి అనే చోట చంపేశారు. చిన్నవాడు సనెతోమో మూడో షోగున్. మనిషి కత్తి కంటే కలం ఇష్టపడే రకం. జపాన్‌లో ఇప్పటికీ పిల్లలు కార్డుల ఆట ఆడుతూ బట్టీపట్టే వంద పద్యాల్లో ఒకటి ఇతనిదే. చనిపోయిన యోరియియె కొడుకు పేరు కుగ్యో. అంటే సనెతోమోకి అన్న కొడుకు. ఆ పిల్లాణ్ణి సన్యాసం ఇప్పించి, కొన్నేళ్ల తర్వాత ఇదే హచిమాన్ గుడికి ప్రధాన అధికారిని చేశారు. అంటే తన తండ్రి స్థానంలో కూర్చున్న బాబాయి పూజకి వచ్చే గుడికి ఇతనే పెద్ద.

1219 చలికాలం, వాళ్ల పంచాంగం ప్రకారం మొదటి నెల 27వ తేదీ. సనెతోమోకి క్యోటో దర్బారులో కుడి మంత్రి అనే పెద్ద హోదా వచ్చింది, మొక్కు తీర్చుకోవడానికి రాత్రిపూట గుడికి వచ్చాడు. రెండడుగుల మంచు పడి ఉంది. పూజ ముగించుకుని రాతిమెట్ల మీదుగా వస్తుండగా కుగ్యో మీదపడి బాబాయి తల నరికాడు. తన తండ్రిని చంపిన పగ అన్నాడు. పక్కన కత్తి పట్టుకుని నడుస్తున్న నకాఅకీరా అనే ఆయన్ని కూడా నరికేశారు. ఆ కత్తి పట్టాల్సింది నిజానికి హోజో యోషితోకీ, కానీ ఆయన ఒంట్లో బాగోలేదని గుడి దగ్గరికి వచ్చాక తప్పుకున్నాడు. ఆ తప్పుకోవడం మీద ఎనిమిది వందల ఏళ్లుగా జనం అనుమానాలు పడుతూనే ఉన్నారు. కుగ్యో ఆ తల చంకన పెట్టుకుని, సాయం చేస్తాడనుకున్న మియురా యోషిమురా అనే సామంతుడికి కబురు పంపాడు. ఆయన సాయం బదులు మనుషుల్ని పంపి ఇతన్నే చంపించాడు. ఒక్క రాత్రిలో యోరితోమో షోగున్ వంశం ముగిసింది, పెత్తనం హోజో వాళ్ల చేతికి పోయింది.

ఆ బాట గుర్తుందా, కాన్పు కోసం వేయించింది? ఆ కాన్పులో పుట్టినవాడి కొడుకే, అదే బాట చివర, ఆ వంశాన్ని తుడిచిపెట్టాడు. మెట్ల దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూస్తే బాట సూటిగా సముద్రం వైపు కనిపిస్తుంది. నేను చుట్టాలకి ఈ కథ అక్కడే నిలబెట్టి చెప్తాను.

నిజంగా చెట్టు వెనకే దాక్కున్నాడా?

సాక్ష్యం లేదు. ఆ కాలం చరిత్ర చెప్పే ముఖ్య గ్రంథం ఆజుమా కగామి. అందులో కుగ్యో రాతిమెట్ల పక్క నుంచి పొంచి వచ్చాడని ఉంది, అంతే. గింకో ఊసే లేదు. చెట్టు వెనక దాక్కున్న మాట తోకుగావా షోగున్ల ఎదో యుగంలో, అంటే హత్య జరిగిన కొన్ని వందల ఏళ్లకి, పుస్తకాల్లో కనిపిస్తుంది. తోకుగావా మిత్సుకునీ పూనుకుని తయారు చేయించిన 1685 నాటి కమకురా వర్ణనలో ఇతను ఆడవేషంలో చెట్టు కింద దాక్కున్నాడని కూడా రాశారు. కథకి కాళ్లొస్తే అలాగే ఉంటుంది, మొదట మెట్లు, తర్వాత చెట్టు, ఆ తర్వాత చీర.

తమాషా ఏంటంటే, ఆజుమా కగామిలో ఆ రోజు ఒక చెట్టు నిజంగానే ఉంది, కానీ అది గింకో కాదు. బయల్దేరే ముందు సనెతోమో తోటలోని ప్లమ్ జాతి పూలచెట్టుని, జపాన్ వాళ్లు ఉమె అంటారు, చూసి ఒక పద్యం చెప్పాడట. నేను వెళ్లిపోయాక ఈ ఇంటికి యజమాని లేకపోయినా, చూరు కింద ఉన్న నువ్వు మాత్రం వసంతాన్ని మరిచిపోకు అని దాని భావం. తర్వాత ఎవరో చేర్చి ఉంటారని పండితులు అనుమానిస్తారు. చేర్చినవాడు ఎవడో గానీ మంచి కవి.

వెయ్యేళ్ల చెట్టు అని బోర్డుల్లో, పుస్తకాల్లో రాస్తారు. నిజమేనా?

అని చెప్పుకుంటారు, అంతవరకే. గింకో చైనా నుంచి వచ్చిన చెట్టు. పాత జపాన్ సాహిత్యంలో, ప్రతి పూవునీ ప్రతి ఆకునీ పట్టుకుని కవిత్వం రాసిన ఆ కాలంలో, ఇంత అందంగా పసుపెక్కే చెట్టు పేరు కనిపించదు. అందుకే అది జపాన్‌కి వచ్చింది సనెతోమో హత్య తర్వాతేమో అని అనుమానించే వృక్షశాస్త్రజ్ఞులు, చరిత్రకారులు ఉన్నారు. అదే నిజమైతే 1219లో ఆ మెట్ల పక్కన దాక్కోవడానికి చెట్టే లేదు.

ఇది చెప్తే మా పిన్ని నొచ్చుకుంది. "అయితే ఆరేడు వందల ఏళ్లే అన్నమాట" అంది. ఆరేడు వందల "ఏళ్లే"!

చెట్టునే దేవుడిగా కొలుస్తారా?

గుడి చెట్టుని షింబొకు అంటారు, అంటే దైవవృక్షం. దేవుడు కొండలో, రాయిలో, నీటిలో, చెట్టులో దిగి ఉంటాడన్నది జపాన్ పాత మతం షింటో నమ్మకం. పెద్ద విగ్రహాలు అక్కర్లేదు వాళ్లకి. ఫలానా చోటు పవిత్రం అని చెప్పడానికి వరిగడ్డితో పేనిన షిమెనవా అనే తాడు కట్టి, మడతలు మడతలుగా కత్తిరించిన తెల్ల కాగితాలు వేలాడదీస్తారు. రావిచెట్టుకి పసుపుదారం చుట్టి బొట్టు పెట్టే మనకి ఇది అర్థం చేసుకోవడానికి కష్టపడాల్సిన పని లేదు. ఐరోపా నుంచి వచ్చిన నా సహోద్యోగికి ఇదే విషయం చెప్పడానికి పావుగంట పట్టింది, మా అమ్మకి అర నిమిషం పట్టలేదు. చూసి చెప్పులు విప్పబోయింది.

చెప్పులు విప్పాలా? ప్రదక్షిణ చేయొచ్చా? కొబ్బరికాయ, ప్రసాదం?

చెప్పులు విప్పక్కర్లేదు, మనం బయటి నుంచే దండం పెట్టుకుంటాం. ఇక్కడి మొద్దు చుట్టూ ప్రదక్షిణ కుదరదు, కంచె ఉంది, లోపల లేత వేర్లు ఉన్నాయి, దయచేసి దాటొద్దు. కొబ్బరికాయ, అగరొత్తులు, కర్పూరం ఏవీ వద్దు.

పద్ధతి సులువు: తొట్టి దగ్గర చేతులు, నోరు శుభ్రం చేసుకోవాలి. పైన గుడి ముందు పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో చెప్పుకోవాల్సింది చెప్పుకుని, ఇంకోసారి వంగాలి. ఐదు యెన్‌ల నాణెం వేస్తే మంచిదంటారు, ఆ మాట పలికితే "బంధం" అనే అర్థం కూడా వస్తుంది కాబట్టి. ప్రసాదం ఉండదు. ఇది విన్నాక మా మావయ్య ముఖం చూడాలి. తాయెత్తులు, జాతకం చీటీలు అమ్ముతారు, చిన్న పావురం బొమ్మతో వచ్చే చీటీ ఒకటుంది, పిల్లలకి అది కొనివ్వండి. పావురం హచిమాన్ దూత. గుడి పై ద్వారం దగ్గర పేరు రాసిన పలకలో ఎనిమిది అనే అక్షరాన్ని ఎదురెదురుగా ఉన్న రెండు పావురాల్లా రాశారు, తల ఎత్తి వెతకండి.

ఇది షింటో గుడి కదా, మరి బౌద్ధ సన్యాసి అధికారి ఎలా అయ్యాడు?

మంచి ప్రశ్న, కానీ వెయ్యిమందిలో ఒకరు అడుగుతారు. అప్పట్లో రెండూ కలిసే ఉండేవి. ఇదే ఆవరణలో పెద్ద బౌద్ధ స్తూపగోపురం, బౌద్ధ గ్రంథాల మందిరం అన్నీ ఉండేవి, సన్యాసులే నడిపేవారు. 1868లో షోగున్ల పాలన పోయాక వచ్చిన మేజీ చక్రవర్తి ప్రభుత్వం షింటోని, బౌద్ధాన్ని విడదీయమని ఆజ్ఞ ఇచ్చింది. రెండేళ్లలో బౌద్ధ కట్టడాలన్నీ కూల్చేశారు. ద్వారపాలకుల విగ్రహాలు దగ్గర్లోని జుఫుకుజి మఠానికి చేరాయి. చెట్టు పడినందుకు ఏడ్చిన ఊరే ఒకప్పుడు గోపురాన్ని చేతులారా కూల్చింది.

మన దేవతలు ఎవరైనా ఉన్నారా అక్కడ?

ఉన్నారు, ఇది నిజం చుట్టరికమే. లోపలికి రాగానే కుడి వైపు చెరువులో ఒక ద్వీపం మీద చిన్న గుడి, బెంజైతెన్‌ది. బెంజైతెన్ అంటే సరస్వతి. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది, చేతిలో వీణ స్థానంలో బివా అనే వాయిద్యం వచ్చింది. ఈ గుడికి చెందిన బెంజైతెన్ విగ్రహం ఒకటి 1266 నాటిది, బివా వాయిస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. కుడి చెరువు మినమోతో వాళ్లది, మూడు ద్వీపాలు. ఎడమ చెరువు వాళ్లు ఓడించిన తైరా వాళ్లది, నాలుగు ద్వీపాలు. జపనీస్‌లో "మూడు" అన్న మాట పుట్టుకలా, "నాలుగు" అన్న మాట చావులా వినిపిస్తుంది. శత్రువుకి శాపం పెట్టడానికి చెరువు తవ్వడం, అదీ పద్ధతిగా!

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

గింకో పసుపు చూడాలంటే నవంబరు చివర, డిసెంబరు మొదట్లో. పాత వేర్ల పిలకలు కూడా పసుపెక్కుతాయి. సెప్టెంబరు 14 నుంచి 16 దాకా గుడి పెద్ద పండగ, చివరి రోజు గుర్రం మీద పరుగెడుతూ బాణాలు వేసే యబుసామె ఉంటుంది, జనం మాత్రం విపరీతం. జనవరి మొదటి మూడు రోజులు వెళ్లకండి. లక్షల్లో వస్తారు, మెట్ల దాకా చేరడానికే గంటలు పడుతుంది, పోలీసులు తాళ్లు పట్టుకుని బ్యాచులుగా వదులుతారు. తిరుమల క్యూ కాంప్లెక్సు లేని తిరుమల అనుకోండి. నాకు ఇష్టమైనది ఏప్రిల్ చివర, ఆకు చేతి గోరంత ఉన్నప్పుడు, వారం మధ్యలో, పొద్దున ఎనిమిది లోపు.

ఎలా వెళ్లాలి, పెద్దవాళ్లు మెట్లు ఎక్కగలరా, తిండి సంగతేంటి?

టోక్యో స్టేషన్ నుంచి జేఆర్ యోకోసుకా లైన్, మారకుండా కమకురా. తూర్పు గేటు నుంచి పది నిమిషాల నడక. వెళ్లేటప్పుడు దాన్‌కజురా మీద నడవండి, వచ్చేటప్పుడు కొమాచి బజారు వీధిలోంచి రండి, ముందే బజార్లో దూరితే మధ్యాహ్నం అయిపోతుంది. ఆవరణలోకి టికెట్ లేదు. పై గుడికి 61 మెట్లు, నిటారుగానే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగులు పడక్కర్లేదు, చెట్టు మెట్ల కిందే కాబట్టి అసలు చూడాల్సింది కిందే ఉంది.

శాకాహారులు జాగ్రత్త, కూరగాయల నూడుల్స్ అన్నా పులుసులో చేప రసం ఉంటుంది. మేం పులిహోర కట్టుకెళ్తాం. అయితే ఆరుబయట డబ్బా తెరిచేముందు ఆకాశం చూడండి, కమకురాలో గద్దలు చేతిలో తిండి తన్నుకుపోతాయి. మా చెల్లి పూరీ పోయింది.

నిలబడి ఉన్న పెద్ద చెట్టే చూడాలి, మొద్దు వద్దు అంటే?

అప్పుడు అతామీ వెళ్లండి, అదే వైపు రైల్లో ఇంకా ముందుకి. అక్కడి కినోమియా గుడిలో కర్పూర వృక్షం ఉంది, రెండు వేల ఏళ్లు దాటిందని చెప్తారు, మాను చుట్టుకొలత దాదాపు 24 మీటర్లు. ఒకసారి చుట్టి వస్తే ఆయుష్షు ఏడాది పెరుగుతుందని నమ్మకం, ఇక్కడ ప్రదక్షిణకి దారి కూడా వేశారు. మావయ్య ఐదుసార్లు తిరిగాడు. ఇంకా పెద్దది కావాలంటే దక్షిణాన కగోషిమాలో కమో హచిమాన్ గుడి కర్పూర వృక్షం, 24.2 మీటర్ల చుట్టుకొలతతో జపాన్‌లోకెల్లా లావైన చెట్టు అదే. అదీ హచిమాన్ గుడే.

ఆకు గానీ కాయ గానీ తెచ్చుకోవచ్చా?

మొద్దు దగ్గర కంచె లోపలివి ముట్టుకోవద్దు. దారిలో వేరే గింకోల కింద రాలిన ఆకులు ఏరుకుని పుస్తకంలో పెట్టుకోండి, రంగు చాలాకాలం ఉంటుంది. కాయలు మాత్రం చేత్తో పట్టుకోకండి. గుజ్జు భరించలేని కంపు, చర్మానికి దురద. లోపలి గింజ వేయించి తింటారు, రుచిగానే ఉంటుంది, కానీ ఎక్కువ తింటే విషం, చిన్నపిల్లలకి అసలు పెట్టొద్దు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక ఆకు అంటించి ఉంది, రైలు స్టేషన్ పక్క చెట్టుది. చూసినవాళ్లందరూ "ఆ చెట్టుదేనా" అని అడుగుతారు. కాదు.